ఇంకుడు బావికి బడ్జెట్‌లో పద్దు కావాలి

[దృశ్యం: సర్జాపుర రోడ్డు దగ్గర ఒక ఇంటి ముందు, మూడడుగుల వెడల్పు గొయ్యి. లోపలి నుంచి పలుగు చప్పుడు.]

నమస్కారమండీ. లోపల తవ్వుతున్నాయన మన్ను వడ్డర్. మనం వడ్డెరలంటామే, వాళ్లే. బెంగళూరులో తరతరాలుగా బావులు తవ్వుతున్నది వీళ్లే. "ఎన్నడుగులయిందన్నా?" అని తెలుగులోనే అడిగాను. "పద్దెనిమిది. ఇంకో రెండు దిగితే మొరం తగుల్తాది, నీళ్లు బాగా తాగుతాది" అన్నాడు.

[దగ్గరగా: తాళ్లతో దించుతున్న సిమెంటు వర.]

ఇక్కడ బాగా చూడండి. వరకీ వరకీ మధ్య సిమెంటు పూయరు. వెనక కంకర పోస్తారు. అడుగు మట్టిగానే వదిలేస్తారు. మిద్దె మీది నీళ్లు ముందు చిన్న తొట్టిలో పడతాయి, బురద అక్కడే దిగుతుంది, తేట నీరు బావిలోకొచ్చి భూమిలోకి ఇంకుతుంది.

ఎన్ని నీళ్లు దొరుకుతాయి? 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. ఈ ఊళ్లో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. అంటే ఆ ఒక్క మిద్దె మీదే 90 వేల లీటర్లు, 12 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడున్నర. 2024 మార్చిలో ట్యాంకర్ల రేట్లకు ప్రభుత్వమే హద్దు పెట్టాల్సి వచ్చిన ఊరు ఇది!

వాన నీటి సేకరణ 2009 నుంచీ ఇక్కడ చట్టమే. పాటించకపోతే నీటి బిల్లు మీద జరిమానా. నాకు అది న్యాయంగానే ఉంది. కానీ ఇంటివాళ్ల మీద పెట్టిన నిబంధన రోడ్లకూ పార్కులకూ ఎందుకు లేదు? వాన నీళ్లు పోయే పెద్ద కాలువల్ని ఇక్కడ రాజకాలువలంటారు. వాటి అడుగున కూడా కాంక్రీటు పోస్తే నీళ్లు ఇంకేదెక్కడ?

[దృశ్యం: చెరువు కట్ట. పక్కనే అపార్ట్‌మెంట్ గోడ.]

చెరువు చుట్టూ ఎంత నేల వదలాలన్న సంగతీ ఇంతే. 2016లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 75 మీటర్లు ఖాళీగా ఉంచమంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టప్రకారం చేసిన నగర మాస్టర్ ప్లాన్‌ను ట్రిబ్యునల్ మార్చలేదంది. మళ్లీ ప్లాన్‌లోని 30 మీటర్లే మిగిలాయి. నేను దీన్నించి నేర్చుకున్నదొకటే: చెరువుకు చోటు దక్కాలంటే ఆ గీత మాస్టర్ ప్లాన్‌లోనే పడాలి. ముసాయిదా మీద అభ్యంతరాలు అడిగే రోజుల్లోనే మనం రాసివ్వాలి. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగినా దొరకదు.

చోటు దక్కిన చెరువును కాపాడుకోవడమూ పనే. ఊరికి ఉత్తరాన ఉన్న జక్కూరు చెరువుకు వెళ్లి చూడండి. శుద్ధి చేసిన మురుగునీరు నేరుగా చెరువులో పడదు. ముందు జమ్ము పెరిగిన తడి నేల గుండా నెమ్మదిగా పారుతుంది. నీళ్లలో మిగిలిన నైట్రోజన్, భాస్వరం కొంతవరకు ఆ మొక్కలు తీసుకుంటాయి. అయితే ఆ మొక్కల్ని ఎప్పటికప్పుడు కోసి బయటికి తీయాలి. కోయకపోతే అక్కడే కుళ్లి, తీసుకున్నదంతా తిరిగి నీళ్లలోకే వదులుతాయి.

అసలు చిక్కు ఇలా కోయడం, పూడిక తీయడం లాంటి నిర్వహణ పనుల్లోనే ఉంది. మా లేఅవుట్ పార్కులో నాలుగు ఇంకుడు బావులు తవ్వారు. రెండేళ్లు తిరక్కుండానే ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ పేరుకుని మూడు పూడిపోయాయి. అడిగితే, మంజూరైంది తవ్వకానికే, పూడిక తీయడానికి డబ్బుల్లేవన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎస్టిమేటు వేసే ఇంజినీరుకు, ప్రభుత్వ పనుల ధరలుండే రేట్ల పుస్తకంలో లేని పని రాయడం కష్టం. కాబట్టి ఇంకుడు బావి తవ్వకం, పూడికతీత, జమ్ము కోత, ఈ మూడూ అందులోకి ఎక్కాలి. టెండర్లో కనీసం ఐదేళ్ల నిర్వహణ కలిపి రాయాలి. బిల్లులో కొంత ఆపి, ఏటా బావి నీళ్లు తాగుతోందో లేదో చూశాకే ఇవ్వాలి. ఇంకో మాట. పెద్ద టెండరుకు కట్టే డిపాజిట్ వడ్డెర కుటుంబాలు ఎక్కడ తేగలవు? ఈ పనుల్ని వార్డు స్థాయిలో చిన్న చిన్నగా విడగొట్టి నేరుగా వాళ్లకే ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో ఈ ఊరికి ఐదు కొత్త కార్పొరేషన్లు వచ్చాయి. పద్ధతులు కుదురుకుంటున్న సమయం, అడగాల్సింది ఇప్పుడే.

[దృశ్యం: గొయ్యి అంచున తాడు పట్టుకుని పైకొస్తున్న పెద్దాయన. చేతులకు ఎర్రమట్టి.]

"పూడిక ఎప్పుడు తీయాలన్నా?"

"వానలకు ముందు, ఏప్రిల్‌లో పిలిపించండి. ఇద్దరం చాలు. ఒక పూట పని."