పాత ఎయిర్‌స్ట్రీమ్‌కి మెరుగు: ఎంత రుద్దాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలోని ఒహాయోలో తయారయ్యే ఎయిర్‌స్ట్రీమ్‌లు, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఆ గుండ్రటి, వెండి రంగు అల్యూమినియం ఇంటి ట్రైలర్లు మీకు తెలిసే ఉంటాయి. ఈరోజు మనతో ఒక ఇంజనీర్ ఉన్నారు. టెక్సాస్‌లో ఉంటున్న మన మరో అతిథి 1968 నాటి ఎయిర్‌స్ట్రీమ్ ఒకటి కొన్నారు. సార్, కొన్నప్పుడు ఎలా ఉంది?

యజమాని: పెరట్లో ఏళ్ల తరబడి పడేసిన సిల్వర్ బిందెలా ఉందండీ.

వ్యాఖ్యాత: మరి చింతపండుతో తోమలేకపోయారా?

ఇంజనీర్: (నవ్వుతూ) అది ఇత్తడికండీ. గాలి తగిలితే చాలు, అల్యూమినియం మీద సన్నటి ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. లోపలి లోహాన్ని కాపాడేదీ అదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పైభాగం గరుకెక్కుతుంది, వెలుగు చెదిరిపోయి మసకగా కనిపిస్తుంది.

యజమాని: నేను మాత్రం రెండు రోజులు వృథాగా రుద్దాను. 1960ల మధ్య నుంచి ఫ్యాక్టరీలోనే పైన క్లియర్ కోట్, అంటే రంగులేని రక్షణ పూత, వేసేవాళ్లు. పెయింట్ రిమూవర్‌తో ముందు దాన్ని ఊడదీయాలని తెలియక, దాని మీదే పాలిష్ పెట్టాను!

వ్యాఖ్యాత: ఊడదీశాక?

యజమాని: మెషిన్‌కి ఊలు ప్యాడ్ తగిలించి, రెండడుగుల ముక్క చొప్పున పట్టాను. ఎండలో కాదు, పాలిష్ ఎండిపోయి అంటుకుపోతుంది. కాసేపటికి కాటుకలాంటి నల్లటి జిడ్డు వస్తుంది. అది తుడిస్తే మన మొహం కనిపిస్తుంది. రేకుల్ని కలిపి బిగించే రివెట్ల చుట్టూ మెషిన్ పోదు, గుడ్డ చుట్టిన బొటనవేలే గతి. వారం దాకా గోళ్లు నల్లగానే ఉన్నాయి. ప్యాడ్ వదిలిన సుడుల గీతలు పోవడానికి ఇంకా మెత్తటి పాలిష్‌తో రెండో విడత తప్పలేదు.

ఇంజనీర్: ఆ నలుపులో ఉన్నది ఉత్త మురికి కాదండీ, లోహం కూడా. చాలా ట్రైలర్లకు వాడింది ఆల్‌క్లాడ్, విమానాల రేకు. రాగి కలిసిన గట్టి మిశ్రమం మీద స్వచ్ఛమైన అల్యూమినియం పూత. 0.8 మిల్లీమీటర్ల రేకులో ఒక్కో వైపు ఆ పూత సుమారు 0.04 మిల్లీమీటర్లే, కాగితం కన్నా పల్చన. ఉప్పు కాగితం పెట్టారంటే అది కాస్తా పోతుంది, కింది మిశ్రమం త్వరగా తినేసుకుపోతుంది.

వ్యాఖ్యాత: అంటే ఏటా పాలిష్...

ఇంజనీర్: వద్దే వద్దు. కడగండి, చాలు.

యజమాని: అద్దంలా మెరిసేది చూశాక చెయ్యి ఊరుకోదు సార్! కానీ వెనక వైపు ఇంకా ముట్టుకోలేదు. మా ఆవిడకి ఆ మసకే నచ్చిందట.

ఇంజనీర్: నా ఓటు ఆవిడకే.