మ్యాథ్స్‌లో సీ ఉంటే పాలిటిక్స్ సీటు రాదా?

(బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాల కోసం చదువుల ఫోన్-ఇన్, నవంబర్ 2025)

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

తండ్రి: నమస్కారమండీ, లెస్టర్ నుంచి. మా అమ్మాయి ఇయర్ 13, స్కూల్లో ఆఖరి ఏడు, ఏ-లెవెల్ పరీక్షలు రాస్తుంది. పాలిటిక్స్ డిగ్రీయే చేస్తానంటోంది. స్కూలు అంచనా వేసిన ప్రెడిక్టెడ్ గ్రేడ్లు చూస్తే ఒకటి పైన, ఒకటి కింద. పాలిటిక్స్ ఏ స్టార్, హిస్టరీ ఏ, మ్యాథ్స్ సీ.

సలహాదారు: మ్యాథ్స్ తనే ఎంచుకుందా?

తండ్రి: అంటే... మేమే తీసుకోమన్నాం మేడమ్. ఎందుకైనా మంచిదని.

సలహాదారు: సరే, ఆ పంచాయితీ ఇంట్లో తేల్చుకుందురు గానీ. ఎక్కడెక్కడ వేద్దామనుకుంటున్నారు?

తండ్రి: ఆక్స్‌ఫర్డ్‌లో పీపీఈ ఒకటి, ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపిన డిగ్రీ...

సలహాదారు: దాని గడువు అక్టోబర్ 15నే అయిపోయిందండీ. అవకపోయినా నేను వద్దనే చెప్పేదాన్ని. మూడు ఏ గ్రేడ్లు అడుగుతారు, పైన టెస్టు, ఇంటర్వ్యూ. పీపీఈలో ఆఖరి ఈ ఎకనామిక్స్. లెక్కలతో తిప్పలు పడుతున్న పిల్లని మళ్లీ లెక్కల్లోకే తోయడం ఎందుకు? ఒట్టి పాలిటిక్స్ డిగ్రీకి చాలా యూనివర్సిటీలు ఏ-లెవెల్ మ్యాథ్స్ అడగవు. కాకపోతే తీసుకున్నాక దాని గ్రేడు మాత్రం చూస్తారు.

తండ్రి: యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే యూకాస్ సంస్థ గ్రేడ్లకి ఇచ్చే పాయింట్లు నేను కూడి చూశాను మేడమ్. మా అమ్మాయివి 136 వచ్చాయి. ఏ, ఏ, బీకి కూడా 136 అట. రెండూ సమానమే కదా?

సలహాదారు: లెక్క కరెక్టే. ఏ స్టార్‌కి 56, ఏకి 48, బీకి 40, సీకి 32. కానీ పోటీ ఎక్కువున్న చోట ఆఫర్, అంటే ఇవి తెచ్చుకుంటే సీటిస్తామనే మాట, సాధారణంగా గ్రేడ్లలోనే ఇస్తారు. ‘ఏ, ఏ, బీ’ అన్నారంటే మూడోది బీకి తగ్గకూడదని. అక్కడ ఏ స్టార్ చూపించి సీని దాచలేం. పాయింట్లలో ఆఫర్ ఇచ్చే యూనివర్సిటీలూ ఉన్నాయి, వాటి దగ్గర ఈ 136 పనికొస్తుంది. ఏది ఎలా ఇస్తుందో కోర్సు పేజీలోనే రాసి ఉంటుంది. పాప పక్కనే ఉందా? ఫోన్ తనకివ్వండి.

అమ్మాయి: హాయ్ ఆంటీ.

సలహాదారు: ఆ సీ ఎలా వచ్చిందమ్మా?

అమ్మాయి: ఇయర్ 12 చివర్లో మాక్ పరీక్షలో డీ వచ్చింది. అప్పుడు నాన్నమ్మకి బాలేదని నాన్న ఇండియా వెళ్లారు. అమ్మకి నైట్ షిఫ్టులు. తమ్ముణ్ణి నేనే చూసుకున్నా. ఇదంతా అప్లికేషన్‌లో నా గురించి నేను రాసే పర్సనల్ స్టేట్‌మెంట్‌లో పెట్టాలా?

సలహాదారు: వద్దు తల్లీ. మీ ట్యూటర్‌తో చెప్పు. టీచర్లు రాసే రెఫరెన్స్‌లో ఇలాంటి ఇబ్బందుల కోసమే వేరే భాగం ఉంది. అది వాళ్లు రాస్తే సమాచారం, నువ్వు రాస్తే సంజాయిషీ. మళ్లీ టెస్టు ఉందా?

అమ్మాయి: ఈ నెలాఖర్లో.

సలహాదారు: దాంట్లో బీ తెచ్చుకుని మ్యాథ్స్ టీచర్ దగ్గరికి వెళ్లు. అప్లికేషన్ పంపేలోపు స్కూలు ప్రెడిక్షన్ మార్చొచ్చు. యూకాస్ గడువు జనవరి 14 సాయంత్రం 6 గంటలు, కానీ స్కూళ్లు అంతకంటే ముందే తమ గడువు పెట్టుకుంటాయి. ఆ తేదీ రేపే కనుక్కో. ఇంకో మాట, టీచర్‌ని నువ్వే అడగాలి. నాన్నగారు ఈమెయిల్ పెట్టకూడదు.

తండ్రి: (వెనక నుంచి) ఒకటి పెట్టేశానండీ!

సలహాదారు: రెండోది వద్దు. స్టేట్‌మెంట్ మొదలుపెట్టావా అమ్మా?

అమ్మాయి: ‘చిన్నప్పటి నుంచీ రాజకీయాలంటే నాకు చాలా ఆసక్తి’ అని...

సలహాదారు: కొట్టేయ్. ఈ ఏడు నుంచి మూడు ప్రశ్నలు ఇస్తున్నారు: ఈ కోర్సే ఎందుకు, నీ చదువు దీనికి నిన్నెలా సిద్ధం చేసింది, బయట ఇంకేం చేశావు. మూడింటికీ కలిపి 4,000 అక్షరాలే, ఖాళీలతో సహా. ఆ వాక్యం వాళ్లకి కొత్తగా ఏమీ చెప్పదు. రాజకీయాల్లో నీకు అంతుపట్టని విషయం ఒకటి చెప్పు.

అమ్మాయి: సీట్లు. 2024 బ్రిటన్ ఎన్నికల్లో లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లకే 411 సీట్లొచ్చాయి. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతానికి ఐదే. లిబరల్ డెమొక్రాట్లకి అంతకన్నా తక్కువ ఓట్లకి 72!

సలహాదారు: ఎందుకంటావు?

అమ్మాయి: లిబరల్ డెమొక్రాట్ల ఓట్లు కొన్ని చోట్ల కుప్పగా పడ్డాయి, రిఫార్మ్‌వి దేశమంతా చెదిరిపోయాయి.

సలహాదారు: ఇప్పుడు ఇండియా చూడు. లోక్‌సభకీ ఇదే పద్ధతి, నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకే సీటు. 2014లో బీజేపీకి 31 శాతం ఓట్లు, 543లో 282 సీట్లు. ఇలాంటి పద్ధతిలో చివరికి రెండు పార్టీలే మిగులుతాయని ఫ్రెంచ్ రాజనీతి శాస్త్రవేత్త డువెర్జే సూత్రం. మరి మనకి రాష్ట్రానికో పార్టీ ఎలా బతికింది?

అమ్మాయి: పోటీ నియోజకవర్గంలో జరుగుతుంది కాబట్టా? ఒక్కో రాష్ట్రంలో ఆ ఇద్దరూ వేరు వేరేమో.

సలహాదారు: అదిగో, నీ మొదటి పేరా. దాని మీద చదివి, ఏ మాటతో ఒప్పుకోలేదో కూడా రాయి. అప్లికేషన్ మీదే సీటిచ్చే చోట నువ్వు మాట్లాడేది ఆ కాగితంలోనే. సీ గ్రేడ్ గురించి అందులో ఒక్క అక్షరం వద్దు.

తండ్రి: మరి యూకాస్‌లో పెట్టే ఐదు ఎంపికలూ పెద్ద పేరున్నవే పెట్టేద్దామా మేడమ్?

సలహాదారు: అక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. ఎవరెవరికి వేశారో యూనివర్సిటీలకి అప్పుడు కనిపించదు, కాబట్టి పరువు గొడవ లేదు. మూడు ఏ గ్రేడ్లు అడిగేది ఒకటి చాలు, అదీ మ్యాథ్స్ బీకి పెరిగితేనే. రెండు ఏ, ఏ, బీ లేదా ఏ, బీ, బీ అడిగేవి పెట్టండి. మిగతా రెండూ సీ ఉన్నా తీసుకునేవి కావాలి. తర్వాత వచ్చిన ఆఫర్లలో మొదటి ఎంపికగా ఫర్మ్ ఒకటి, అది తప్పితే ఆసరాగా ఇన్సూరెన్స్ ఒకటి ఎంచుకుంటారు కదా, ఇన్సూరెన్స్‌కీ అవే గ్రేడ్లు కావాలంటే ఇక అది దేనికి ఇన్సూరెన్స్?

వ్యాఖ్యాత: వాట్సాప్‌లో ఒక ప్రశ్న. ‘మా అబ్బాయి మ్యాథ్స్ మళ్లీ రాస్తే చిన్నచూపు చూస్తారా?’

సలహాదారు: చాలా చోట్ల చూడరు. కొన్ని కోర్సులు మాత్రం అన్ని పరీక్షలూ ఒకేసారి రాసి ఉండాలంటాయి. అప్లై చేసే ముందే అడ్మిషన్స్ వాళ్లకి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఆ ఈమెయిల్ కూడా అబ్బాయే రాయాలండోయ్.