కలంకారీలో పువ్వు కంటే పటిక గొప్పది

సంధానకర్త: నమస్కారం. పూలూ తీగలూ అచ్చేసిన నూలు గుడ్డ ఇవాళ లోకంలో ఏ ఇంట్లోనైనా ఉంటుంది, కర్టెనుగానో, దిండు గలీబుగానో. ఆ అలవాటుకు మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ అద్దకాలతో ఉన్న చుట్టరికమే ఈ రోజు చర్చ. మేడమ్, మన గుడ్డలో యూరప్‌కు అంతగా నచ్చిందేమిటి?

వస్త్ర చరిత్రకారిణి: ఉతికినా పోని రంగండీ. పువ్వులకు మురిసిపోయారని అందరూ అంటారు గానీ, చాలా నమూనాలు వాళ్లే పంపి వేయించుకున్నారు. నూలు మీద అలా నిలిచే ఎరుపు వేయడమే వాళ్లకు చేతకాలేదు. తమ నేతగాళ్ల బతుకు దెబ్బతింటుందని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో చట్టం చేసి, అద్దకపు నూలు బట్టలు కట్టుకోవడమే నేరమంది. వాళ్లు ‘చింట్జ్’ అన్నది మన చీటీ గుడ్డనే.

సంధానకర్త: మాస్టారూ, ఆ పోని రంగు కిటుకేమిటి?

అద్దకం నిపుణుడు: ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వస్తుంది. అది నూలుకు తనంతట తాను గట్టిగా పట్టదు. ముందుగా గుడ్డలోకి ఎక్కించిన లోహాన్ని, అంటే పటికలో ఉండేదాన్ని, పట్టుకుంటుంది. అందుకని మొదట గంజి పోయేలా గుడ్డను రాత్రంతా నానబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కిలో గుడ్డకు 150 నుంచి 200 గ్రాముల పొడి సరిపోతుంది. కరక్కాయలోని వగరు లోహాన్ని పట్టి ఉంచుతుంది, పాలలోని వెన్న గీతను పాకనివ్వదు. వెన్న తీసిన పాలు వాడారంటే గీత అంచులు చెదురుతాయి.

సంధానకర్త: నలుపు?

అద్దకం నిపుణుడు: తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూత కట్టి పదిహేను, ఇరవై రోజులు పులియబెడతారు. అదే కసిమి. కలంతో గీసినప్పుడు లేత బూడిదరంగులో ఉంటుంది, కరక్కాయ తగిలిన చోట చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము మరీ చిక్కనైతే కొన్నేళ్లకు నల్ల గీత ఉన్నచోటే గుడ్డ చివుకుతుంది. పాత గుడ్డల్లో పువ్వు బాగుండి గీత చిరగడానికి కారణమదే.

ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు రాస్తారు. పటిక కంటికి కనపడదు కాబట్టి కాస్త జేగురు, అంటే ఎర్రమన్ను, కలుపుతారు. ఆరాక పారే నీళ్లలో జాడించాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక తెల్ల భాగాలకు అంటుకుని, ఉడకబెట్టినప్పుడు గుడ్డంతా గులాబీ మరకలే. ఆ తర్వాతే చిరివేరు నీళ్లలో ఉడకబెట్టడం. మంట మెల్లగా పెంచాలి, తిప్పుతూనే ఉండాలి. ఒక్కసారిగా మరిగిస్తే ఎరుపు గోధుమరంగులోకి దిగుతుంది.

వస్త్ర చరిత్రకారిణి: ఆ వేరు కూడా ఎక్కడిదైనా ఒకటే కాదు. 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు నిజాంపట్నం వైపు చిరివేరు కోసం పోటీపడ్డారు. సున్నం ఉన్న నేలలో, నీళ్లలో ఈ ఎరుపు బాగా తేలుతుంది.

సంధానకర్త: మరి ఈ విద్య వాళ్లకెలా చేరింది?

వస్త్ర చరిత్రకారిణి: కొంత ఉత్తరాల్లో. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన తూర్పు తీరపు పనివాళ్ల దగ్గర తెలుసుకుని, మెట్టు మెట్టుగా రాసి పంపాడు. తెలుగు కూడా బాగా నేర్చినవాడు లెండి! పువ్వును చూసి మురిసిపోయే మనకంటే, రంగు నిలిచే పద్ధతి రాసిన ఆయనే అసలు సంగతి పట్టుకున్నాడనిపిస్తుంది.

సంధానకర్త: కొట్లో ‘కలంకారీ’ అని అమ్మేది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

అద్దకం నిపుణుడు: తిరగేసి చూడండి. అసలుదైతే వెనకవైపు కూడా గీత బాగానే కనిపిస్తుంది, స్క్రీన్ ప్రింటుదైతే చాలావరకు పైపైనే ఉంటుంది. చెక్క అచ్చులతో వేసినదాంట్లో అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అదీ చాలకపోతే నల్ల గీత మీద ఒక్క చుక్క నిమ్మరసం. కసిమి నలుపు పాలిపోతుంది, స్క్రీన్ నలుపు చెక్కు చెదరదు. కాకపోతే ఈ పరీక్ష డబ్బు కట్టాక, లోపలి మడతలో చేసుకోండి.