గోడ మీంచి తొంగి చూసే ఆ బట్టతల ఎవరిది?

(స్క్రీన్ మీద ఒక చెయ్యి బొమ్మ గీస్తుంటుంది: ఒక అడ్డగీత, పైన గుండ్రటి తల, గీత మీంచి కిందికి వేలాడే పొడవాటి ముక్కు, రెండు పక్కలా వేళ్లు.)

ఈ బొమ్మ గీయడానికి పది సెకన్లు చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వెళ్లిన చోటల్లా దీన్ని గీశారు. ఓడల్లో, కూలిన ఇళ్ల గోడల మీద, మరుగుదొడ్లలో కూడా. పక్కనే ఒక మాట: "కిల్‌రాయ్ వచ్చి వెళ్లాడు."

ఎవరీ కిల్‌రాయ్?

(పాత ఓడల కార్ఖానా ఫొటో.)

ఎక్కువమంది చెప్పే పేరు జేమ్స్ కిల్‌రాయ్. మసాచుసెట్స్ రాష్ట్రం క్విన్సీలో ఫోర్ రివర్ అనే ఓడల కార్ఖానా ఉండేది. అక్కడ ఆయన ఇన్‌స్పెక్టర్. ఉక్కు రేకుల్ని కలిపే రివెట్లు ఎన్ని కొడితే పనివాళ్లకి అంత కూలి. లెక్క చూసినవాళ్లు చివర సుద్దతో గుర్తు పెట్టేవారు. కొందరు ఆ గుర్తు చెరిపేసేవారు. తర్వాతి షిఫ్టులో వచ్చినాయన మళ్లీ మొదటినుంచి లెక్కపెడితే అదే పనికి రెండోసారి డబ్బులు! దాంతో కిల్‌రాయ్ సుద్ద గుర్తు మానేసి, క్రేయాన్‌తో పెద్ద అక్షరాల్లో ఆ మాట రాయడం మొదలుపెట్టాడు. యుద్ధం తొందరలో కొన్ని ఓడలు లోపల రంగు వేయకుండానే బయల్దేరాయి. మనిషి దూరడమే కష్టమైన అరల్లో ఆ పేరు చూసిన సైనికులు, తాము దిగిన ప్రతి చోటా అదే రాశారు.

1946లో అమెరికన్ ట్రాన్సిట్ అసోసియేషన్ అనే ట్రామ్, బస్సు కంపెనీల సంఘం అసలు కిల్‌రాయ్ ఎవరో తేల్చడానికి ఒక పోటీ పెట్టింది. దాదాపు 40 మంది "నేనే" అన్నారు. గెలిచింది జేమ్స్. బహుమతి ఏంటో తెలుసా? నిజమైన ట్రామ్ బండి! దాన్ని ఇంటి దగ్గర పెట్టించి పిల్లలకి ఆటల ఇల్లుగా ఇచ్చేశాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

(బొమ్మ మళ్లీ స్క్రీన్ మీదికి.)

కానీ ఆయన రాసింది మాట మాత్రమే. బొమ్మ బ్రిటన్‌ది. అక్కడ ఇతని పేరు చాడ్. చక్కెర, టీ, పెట్రోల్ అన్నీ రేషన్‌లోనే దొరికే రోజులవి. గోడ మీంచి తొంగి చూసి "ఏంటి, చక్కెర లేదా?" అని అడిగేవాడు. ఆకలిని అలా నవ్వుతో దాటేసిన జనం వాళ్లు. చాటర్టన్ అనే కార్టూనిస్టు దీన్ని మొదట గీశాడని చెబుతారు. అమెరికా సైన్యం బ్రిటన్‌లో దిగాక వాళ్ల మాట, వీళ్ల బొమ్మ ఒక్కటయ్యాయి.

హిట్లర్ కిల్‌రాయ్‌ని గూఢచారి అనుకున్నాడనే కథ వినే ఉంటారు. అది కట్టుకథే. అసలు విషయం అంతకన్నా మనసుకి తాకుతుంది. ఊరు తెలీదు, భాష రాదు, రేపు బతికుంటామో లేదో తెలీదు. అలాంటి చోట గోడ మీద ఈ ముక్కు కనిపిస్తే, మనవాడొకడు ముందే ఇక్కడికి వచ్చాడన్న ధైర్యం.

(వాషింగ్టన్ స్మారకం.)

వాషింగ్టన్‌లో 2004లో ప్రారంభించిన రెండో ప్రపంచ యుద్ధ స్మారకంలో ఈ బొమ్మను రెండు చోట్ల రాతిలో చెక్కారు, సులువుగా కంటపడని మూలల్లో. అటు వెళితే పెన్సిల్వేనియా పేరున్న స్తంభం వెనక్కి వెళ్లి చూడండి.