ట్రంపెట్ ముందు, దరువు తర్వాత

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మాట్లాడేది జాజ్ వాద్యకారులూ హిప్ హాప్ ప్రొడ్యూసర్లూ కలిసి చేసిన సంగీతం గురించి. సమయం తక్కువ. అందుకని చరిత్ర జోలికి పోకుండా, నాకిష్టమైన ఒక్క ఆల్బమ్ కథ చెబుతాను.

ప్రొడ్యూసర్ అంటే ఇక్కడ డబ్బు పెట్టేవాడు కాదు, సంగీతం కట్టేవాడు. పాత రికార్డులోంచి చిన్న ముక్క తీసుకుంటాడు. దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతాడు, తాళంలో ఆవర్తనం తిరిగినట్టు. దానికి డ్రమ్ మెషీన్ దరువు కలుపుతాడు. అలా ఏరుకున్న ముక్కల్లో జాజ్ రికార్డులవి లెక్కలేనన్ని. మరి రికార్డులోంచి కాకుండా, ఆ జాజ్ వాద్యకారుడే వచ్చి ఎదురుగా నిలబడితే?

మైల్స్ డేవిస్ అలాగే వచ్చారు. ట్రంపెట్‌లో ఆయనంతటివారు అరుదు. వయసు అరవై దాటింది. న్యూయార్క్‌లో ఎండాకాలం, ఇంటి కిటికీలు తెరిచి ఉన్నాయి. కింద వీధిలోంచి వచ్చే చప్పుళ్ళు వింటూ, ఈ చప్పుడంతా పట్టే ఆల్బమ్ చేయాలనుకున్నారట. హిప్ హాప్ రికార్డుల వ్యాపారంలో ఉన్న రస్సెల్ సిమన్స్‌ను కుర్ర ప్రొడ్యూసర్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అలా దొరికాడు బ్రూక్లిన్ కుర్రాడు ఈజీ మో బీ. పాతికేళ్ళవాడు. మైల్స్ లాంటి మనిషికి బీట్ వినిపించడమంటే ఎంత టెన్షనో ఊహించుకోండి!

పని సాగింది. ఆరు పాటలయ్యాయి. 1991 సెప్టెంబర్ 28న మైల్స్ కన్నుమూశారు.

ఆరు పాటలతో ఆల్బమ్ నిండదు. రికార్డు కంపెనీ దగ్గర ఆయన 1985లో వాయించి, బయటికి రాకుండా ఉండిపోయిన రికార్డింగులున్నాయి. వాటిలోంచి ట్రంపెట్ తీసి ఈజీ మో బీ చేతికిచ్చారు. మామూలుగా దరువు ముందుంటుంది, ట్రంపెట్ దాని మీద నడుస్తుంది. ఇక్కడ తిరగబడింది. ట్రంపెట్ ముందే ఉంది, మార్చమని అడగడానికి మనిషి లేడు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ దరువు చోటివ్వాలి. ఎక్కడ తొందరపడితే అక్కడ పట్టుకోవాలి. అలా పుట్టినవి 'హై స్పీడ్ చేజ్', 'ఫాంటసీ'.

ఆల్బమ్ 'డూ-బాప్' 1992లో వచ్చింది. గ్రామీ కూడా వచ్చింది. జాజ్ విమర్శకులు చాలామంది పెదవి విరిచారనుకోండి. మధ్యమధ్య వచ్చే ర్యాప్ నాకూ పెద్దగా ఎక్కదు. మాటలు లేనిచోట మాత్రం, ముఖ్యంగా ట్రంపెట్ మూతికి మ్యూట్ అనే అడ్డు పెట్టి వాయించిన ఆ సన్నని నాదం దగ్గర, నేను ఎవరి మాటా వినను.

మీరు వినాలనుకుంటే ఒక్క పని చేయండి. 'హై స్పీడ్ చేజ్' పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్ ఉంటే మరీ మంచిది. మొదటిసారి ట్రంపెట్‌ను వదిలేయండి. దరువు వినండి, బేస్ వినండి, అంతే. రెండోసారి ట్రంపెట్ ఒక్కటే పట్టుకోండి. మూడోసారి, ట్రంపెట్ ఆగిన ప్రతిచోటా ఆ ఖాళీలో ఈజీ మో బీ ఏం పెట్టాడో చూడండి. కొన్నిచోట్ల ఏమీ పెట్టలేదు. అది అతని తెలివి.

1985 నాటి ఆ రికార్డింగులు 2019లో 'రబ్బర్‌బ్యాండ్' పేరుతో విడిగా ఆల్బమ్‌గా కూడా వచ్చాయి. వాటికీ కొత్త మెరుగులు దిద్దారు. 'డూ-బాప్' అయ్యాక అదీ వినండి. నమస్కారం.