అందరూ ఉన్న ఆన్‌లైన్ క్లాసులో ఎవరూ లేరా?

[తెరపై: వరుసగా నల్లటి గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో విద్యార్థి పేరు.]

"అర్థమైందా?" అని అడిగారు. నిశ్శబ్దం. కాసేపటికి చాట్‌లో ఒకే ఒక్క "ఎస్ సర్". హమ్మయ్య అనుకుని మీరు తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు.

ఇలాంటప్పుడు చాలామందికి వెంటనే తోచేది కెమెరాలు ఆన్ చేయించడం. ముఖాలు కనిపిస్తాయి, నిజమే. మనసు ఎక్కడ తిరుగుతోందో ఏ కెమెరా చూపిస్తుంది?

2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త డేనియల్ షాక్టర్, ఆయన సహచరులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోని నాలుగు ముక్కలు చేశారు. ప్రతి ముక్క తర్వాత కొందరికి చిన్న పరీక్ష పెట్టారు, మిగతావాళ్లకి పెట్టలేదు. మధ్యలో ఆపి "ఇప్పుడు మీ ధ్యాస పాఠం మీదే ఉందా?" అని అడిగారు.

[తెరపై: 41 శాతం, 19 శాతం]

పరీక్ష లేనివాళ్లు దాదాపు 41 శాతం సార్లు వేరే ఆలోచనల్లో ఉన్నారు. ఉన్నవాళ్లలో అది 19 శాతమే. వాళ్లు నోట్సు కూడా ఎక్కువ రాసుకున్నారు. చివరి పరీక్షంటే టెన్షన్ పెరిగిందా అంటే, అదీ తగ్గింది! నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అయితే "అర్థమైందా?" అన్నది ప్రశ్న కాదు, మర్యాద. దానికి అవునని అనడమే తేలిక. ఇలా అడిగి చూడండి: "ఐదుగురు చిరుద్యోగులున్న గదిలోకి ఒక కోటీశ్వరుడు వచ్చాడు. జీతాల సగటు ఎక్కువ మారుతుందా, మధ్యగతమా (జీతాలన్నీ వరుసగా పేరిస్తే నడిమధ్య వచ్చేది)? జవాబు చాట్‌లో టైప్ చేయండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కకండి."

ఆ ఎంటర్ దగ్గరే ఉంది కిటుకు. లేకపోతే చురుకైన ఇద్దరు జవాబిచ్చేస్తారు, మిగతావాళ్లు దాన్నే దింపేస్తారు.

రికార్డు చేసిన పాఠాల సంగతి? ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా మధ్యగత వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదు. అలాగని గంట పాఠాన్ని పది ముక్కలు కోస్తే సరిపోదు. అది పది ముక్కల్లో ఉన్న అదే గంట పాఠం. ఒక్కో ముక్క చివర విద్యార్థి చేయాల్సిన పని ఒకటి ఉండాలి.

ఇక జవాబులు వచ్చాక సరైనదాన్ని మెచ్చుకుని ముందుకెళ్లిపోకండి. ఎక్కువమంది రాసిన తప్పు జవాబుని, ఎవరి పేరూ ఎత్తకుండా, తెర మీద పెట్టండి. "ఇలా అనుకోవడానికి కారణం ఏమై ఉంటుంది?" అని అడగండి. అడిగాక ఓపిగ్గా ఆగండి. పది సెకన్ల మౌనం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. వాళ్లు ఆ టైములో టైప్ చేస్తుంటారు.