పొర్లుకట్ట లోపల ప్లాటు కొంటున్నారా? ముందు మీ అవ్వని అడగండి!

నమస్తే. సూటిగా విషయానికి వచ్చేస్తా. పెన్నా పొర్లుకట్ట (వరద ఊళ్లోకి రాకుండా ఏటి ఒడ్డున వేసిన కట్ట) లోపల, అంటే ఏటి వైపు, ప్లాట్లు కొనొద్దు, మా అవ్వ ఎప్పుడో చెప్పింది అని పోయిన వీడియోలో అన్నందుకు నన్ను ఉతికి ఆరేశారు. "శాటిలైట్ల కాలంలో అవ్వ మాటలేంటి?" అన్నారు. సరే, ఇంకా గట్టిగా చెప్తున్నా వినండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముందు మునిగేది పల్లంలో ఉన్న ఇల్లు కాదు, పాత తుపాను కథ చెప్పుకోవడం మానేసిన ఇల్లు. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

మా అవ్వది వాకాడు వైపు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానుని ఇంట్లో కూర్చుని చూసిన మనిషి. మా చిన్నప్పుడు కార్తీకమాసం వచ్చి మబ్బు పట్టిందంటే చాలు, మొదలుపెట్టేది. "ఒరే అబ్బయా, గాలి నిలిచిందని గడప దాటబాకండ్రా, ఇంకా ఎదురుగాలి ఉండాది." ఆ రోజు మొదట ఉత్తరపు గాలి కొట్టిందంట. తర్వాత ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని పక్కింటాయన గొడ్లను చూసుకోడానికి బయటికి పోయాడు. అంతలో దక్షిణం నుంచి గాలి లేచింది. ఆయన తిరిగి రాలేదు. తెల్లారి చూస్తే తాటిచెట్లు కొన్ని దక్షిణానికి పడి ఉన్నాయి, కొన్ని ఉత్తరానికి.

ఆ నిశ్శబ్దమే తుపాను కన్ను. కన్ను మన మీదుగా పోతే గాలి ఆగుతుంది, కన్ను దాటగానే అటు తిరిగి కొడుతుంది. నాకు ఇది స్కూల్లో ఎవరూ చెప్పలేదు. బడి మొహం చూడని మా అవ్వ చెప్పింది.

ఇప్పుడు పెన్నా దగ్గరికి వద్దాం. ఏళ్ల తరబడి ఏట్లో ఇసుక తప్ప ఏముంది? ఆ ఇసుకలో క్రికెట్ ఆడుకుని పెరిగిన పిల్లోడికి అది గ్రౌండే, ఏరు కాదు. వాడే పెద్దయ్యాక పొర్లుకట్ట లోపల ప్లాటు చూసి "రేటు బాగుంది" అంటాడు. 2021 నవంబరులో ఏమైంది? పైన కడప జిల్లాలో, పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా మీదున్న సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. అంటే ఎంతో తెలుసా? పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు సెకనుకు 1,400 మన మీదికి వస్తున్నట్టు! కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. "ఏరు మన వానకి రాదురా, కడప వానకి వస్తుంది" అని అవ్వ అనేది. మన ఊళ్లో ఎండ కాస్తున్నా ఏరు రావచ్చు అని ఒక్క ముక్కలో చెప్పేసింది. ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోచర్లో ఆ ముక్క ఉందా? అది చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఇంకో సంగతి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. తుపాను చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. దాటిన చోటికి ఉత్తరాన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దక్షిణాన నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది. అందుకే ఉత్తరాన ఉన్న దివిసీమలో నీళ్లు ఊళ్లని తుడిచేశాయి. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. మొన్న ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో ఒక పెద్దాయనని ఆ తుపాను గురించి అడిగితే గంటసేపు గాలి గురించే చెప్పాడు, పైకప్పులు ఎట్లా లేచిపోయాయో చెప్పాడు. నీళ్ల మాటే లేదు. "సముద్రం మన మీదికి రాదు నాయనా" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆ రోజు ఆయన దక్షిణం వైపు ఉన్నాడు, అంతే. రేపు తుపాను ఇంకాస్త దక్షిణంగా, కొత్తపట్నానికి కింద దాటితే? ఆ ఇంటికి దివిసీమ నుంచి ఒక కోడలు వచ్చి ఉంటే నీళ్ల భయం కూడా వచ్చేది. సంబంధాలు కలుపుకునేటప్పుడు కట్నాలు, పొలాలు అడుగుతారే, "మీ వైపు ఎంత ఎత్తున వచ్చాయి నీళ్లు?" అని ఎవరైనా అడిగారా?

ఇదంతా నా పైత్యం అనుకునేవాళ్లు ఇండొనేషియాలో సిమెలూ అనే దీవి గురించి వినండి. 1907లో అక్కడ సునామీ వచ్చింది. దానికి వాళ్లు "స్మోంగ్" అని పేరు పెట్టి, భూమి కంపించి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని జోలపాటల్లో పిల్లలకి నేర్పారు. 2004 డిసెంబరు 26న అదే జరిగింది. జనం కొండెక్కారు. దాదాపు 78 వేల మందిలో పోయింది ఏడుగురే అని లెక్క. 97 ఏళ్ల నాటి కథ కాపాడింది వాళ్లని! అదే రోజు మన తీరంలో సునామీ అన్న మాటే ఎవరికీ తెలియదు. ఆంధ్రాలో వందమందికి పైగా పోయారు. మనకి చెప్పే అవ్వ లేకపోయింది, ఎందుకంటే ఆమె కూడా చూడలేదు. ఇప్పుడు మనం చూశాం కదా, మరి పిల్లలకి చెప్తున్నామా?

చూసిన తరం వణుకుతుంది, విన్న తరం సర్దుకుంటుంది, మూడో తరం అలల ముందు సెల్ఫీ దిగుతుంది. మొన్న తుపానుకి కూడా బీచ్‌లో అదే కదా చూశాం.

మా అవ్వ పోయి ఆరేళ్లైంది. ఇదిగో, ఈ డాల్డా డబ్బా ఆమెదే. అటక మీద మోకుతో కట్టి ఉంచేది. మూత చుట్టూ మైనం పూసి ఉంది, చూడండి. లోపల అటుకులు, కొవ్వొత్తి, పాలిథిన్ కవర్లో చుట్టిన రేషన్ కార్డు, అగ్గిపెట్టె. ఏటా కార్తీకానికి మా అమ్మ అటుకులు మారుస్తుంది. అగ్గిపెట్టె కూడా మార్చింది. ఉండండి, గీసి చూపిస్తా... చూశారా, మొదటి పుల్లకే అంటుకుంది.